మొక్కై వంగనిది

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత మన ఇళ్ళలో ఎప్పుడు వినిపిస్తుందో గమనించారా? పిల్లవాడు బుద్ధిగా చదువుకుంటున్నప్పుడు ఎవరూ అనరు. నాన్న జేబులో చిల్లర మాయమైనప్పుడో, బడి ఎగ్గొట్టి దొరికిపోయినప్పుడో, పక్కింటి వాడి తల పగలగొట్టి వచ్చినప్పుడో అంటారు. పైకి చెట్టు గురించి చెప్తున్నట్టే ఉంటుంది, నిజానికది జోస్యం. వీడు పెద్దయ్యాక ఏమవుతాడో నాకిప్పుడే తెలిసిపోయింది అని పెద్దవాళ్ళు ప్రకటించడం.

ఈ జోస్యాన్ని కొలతలతో చెప్పొచ్చా అన్నది నూట యాభై ఏళ్ళుగా రకరకాల మనుషులు పట్టుకు వేలాడిన ప్రశ్న. పోలీసులు, పాదిరీలు, వైద్యులు, ఆర్థికశాస్త్రవేత్తలు, ఒకరి తర్వాత ఒకరు. దానికి చాలా ఖచ్చితమైన జవాబుగా కనిపించేది 2016 డిసెంబర్‌లో ఒక సైన్స్ పత్రికలో వచ్చింది. కానీ ఆ పత్రాన్ని చదివేటప్పుడు నాకు న్యూజీలాండ్ కన్నా ముందు బాపట్ల, చీరాల మధ్యనున్న ఒక చిన్న రైల్వే స్టేషన్ గుర్తొచ్చింది. ఎందుకో చెప్తాను. ముందు న్యూజీలాండ్ సంగతి.

ఆ దేశంలో దక్షిణాన డనీడిన్ అనే ఊరుంది. అక్కడి క్వీన్ మేరీ ప్రసూతి ఆసుపత్రిలో 1972 ఏప్రిల్ 1 నుంచి 1973 మార్చి 31 లోపు పుట్టిన పిల్లల్లో 1037 మందిని మూడేళ్ళ వయసులో ఒక అధ్యయనంలో చేర్చుకున్నారు. మొదలుపెట్టినాయన ఫిల్ సిల్వా. అప్పటినుంచి వాళ్ళని వదల్లేదు. మొదట్లో రెండేళ్ళకోసారి, తర్వాత కొన్నేళ్ళకోసారి పిలిచి పళ్ళు, ఊపిరితిత్తులు, రక్తం, జ్ఞాపకశక్తి, అప్పులు, ప్రేమలు, తాగుడు, కోర్టు కేసులు, అన్నీ నమోదు చేస్తూ వచ్చారు. ప్రపంచంలో ఏ మూలనున్నా టికెట్ కొని రప్పిస్తారు. 45వ ఏట కూడా, అప్పటికి బతికున్నవాళ్ళలో 94 శాతం మంది వచ్చారు. ఇలాంటి అధ్యయనాల్లో సగం మంది మిగిలితే గొప్ప అనుకుంటారు కాబట్టి దీన్ని ఆ రంగంలో వాళ్ళు దాదాపు తీర్థయాత్రలా చూస్తారు.

2016 నాటి పత్రం రాసిన బృందంలో ముఖ్యులు అవ్షలోమ్ కాస్పీ, టెరీ మోఫిట్. వాళ్ళు చేసిన పని వినడానికి సాదాగా ఉంటుంది. న్యూజీలాండ్‌లో ప్రభుత్వ రికార్డులన్నీ ఒకచోట కలిపి చూడొచ్చు కాబట్టి ఈ వెయ్యిమంది 38 ఏళ్ళు వచ్చేలోపు ఆసుపత్రుల్లో ఎన్ని రాత్రులు గడిపారు, ఎన్ని మందుల చీటీలు వాడారు, ఎంత భృతి తీసుకున్నారు, ఎన్ని నేరాల్లో శిక్ష పడింది అని లెక్క వేశారు. అన్ని ఖాతాల్లోనూ మళ్ళీ మళ్ళీ ఒకే మనుషులు కనిపించారు. మొత్తం మందిలో 22 శాతం ఉన్న ఆ చిన్న గుంపు వాటా ఇదీ: ఆసుపత్రి రాత్రుల్లో 57 శాతం, కాల్చిన సిగరెట్లలో 54 శాతం, సంక్షేమ భృతిలో 66 శాతం, మందుల చీటీల్లో 78 శాతం, నేరాల్లో పడ్డ శిక్షల్లో 81 శాతం.

ఇంతవరకూ ఆశ్చర్యం లేదు. కష్టాలు గుంపుగా వస్తాయని మనకు తెలుసు. ఆశ్చర్యమంతా రెండో భాగంలో ఉంది. ఆ 22 శాతంలో ఎవరుంటారో చిన్నప్పటి నాలుగు సంగతుల్ని బట్టి చాలావరకు ముందే చెప్పగలిగామన్నారు వాళ్ళు. పేదరికం, ఇంట్లో హింస లేదా నిర్లక్ష్యం, తెలివితేటల పరీక్షలో తక్కువ మార్కులు, తనను తాను అదుపు చేసుకోలేకపోవడం. అంతేకాదు, మూడేళ్ళప్పుడు చేసిన ఒక్క 45 నిమిషాల పరీక్ష, అంటే మాట ఎలా ఉంది, నడక ఎలా ఉంది, నరాల స్థితి ఏమిటి, విసుగొస్తే ఏం చేస్తాడు అని చూసిన ముప్పావు గంట, ముప్ఫై అయిదేళ్ళ తర్వాతి లెక్కల దాకా నీడ చాచింది.

ముప్పావు గంట! మన దగ్గర పెళ్ళిచూపులక్కూడా అంతకంటే ఎక్కువ సేపే పడుతుంది.

*

ఇప్పుడు ఆ రైల్వే స్టేషన్ దగ్గరికి వద్దాం.

1871లో వైస్రాయ్ కౌన్సిల్ క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అనే చట్టం చేసింది. దాన్ని నడిపించిన లా మెంబర్ జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. సాహిత్యం చదివేవాళ్ళకి ఇంకో రకంగా చెప్పొచ్చు: రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కి ఈయన స్వయానా పెదనాన్న. ఆ చట్టం వెనకున్న వాదం సులువుగా అర్థమయ్యేది. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, సాలె కొడుకు సాలె అవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగ అవుతాడు. కులమంటే వృత్తి అయినప్పుడు, నేరం కూడా ఒక కులవృత్తే కావాలి కదా అన్నది తర్కం. ఏ గుంపునైనా నేరస్థ తెగ అని ప్రకటిస్తే, ఆ ప్రకటన సరికాదని కోర్టుకు వెళ్ళే వీల్లేదు. పేర్లు నమోదు చేసుకోవాలి. గ్రామం దాటాలంటే పాసు కావాలి. పాసు లేకుండా బయట కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు.

యూరప్‌లో సెజారె లోంబ్రోజో పుట్టుకతో నేరస్థుడు అన్న సిద్ధాంతంతో పుస్తకం అచ్చేసింది 1876లో. అంటే పుర్రెలు కొలిచే శాస్త్రం రావడానికి అయిదేళ్ళ ముందే మన దగ్గర ఆ సిద్ధాంతం చట్టమై కూర్చుంది. కొలవాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఏ తల్లికి పుట్టాడో తెలిస్తే చాలు.

పిల్లల సంగతి 1897 సవరణలో తేటతెల్లమైంది. నాలుగేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి సంస్కరణ కేంద్రాల్లో పెట్టే అధికారం ప్రభుత్వాలకొచ్చింది. నాలుగేళ్ళు అన్న అంకె దగ్గర నేను ఆగిపోయాను. డనీడిన్‌లో పరీక్ష జరిగిన వయసుకి ఇది ఒక్క ఏడాది పెద్ద. అక్కడ పిల్లల్ని ఆటబొమ్మల ముందు కూర్చోబెట్టి మార్కులు వేశారు. ఇక్కడ మార్కులు పుట్టకముందే పడిపోయాయి.

1911లో కొత్త చట్టంతో ఇది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. తెలుగు నేల మీద దాని దెబ్బ బాగా తగిలినవాళ్ళలో ఎరుకలవాళ్ళు ఒకరు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకం 'డిజానర్డ్ బై హిస్టరీ'లో వీళ్ళ గతాన్ని తవ్వి చూపించారు. గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా నుంచి లోపలి ఊళ్ళకి ఉప్పు, తిరుగు ప్రయాణంలో ధాన్యం వేసుకుని తిరిగిన సంచార వ్యాపారులు వాళ్ళు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది, రైళ్ళు వచ్చాయి, అడవులు మూసేశారు, కరువులు వచ్చాయి. వ్యాపారం పోయింది, తిరగడం మాత్రం మిగిలింది. ఇల్లూ పొలమూ లేకుండా తిరిగేవాడు ఎలా బతుకుతున్నాడన్న అనుమానం సర్కారుకి మొదలైంది. అనుమానానికి జవాబుగా చట్టం దొరికింది.

1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ నిర్వహణలో ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. అదే స్టువర్టుపురం. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇంకోటి నడిపింది. నేరం ఒక జబ్బు, క్రమశిక్షణ దాని మందు అని ఈ పాదిరీలు నిజంగానే నమ్మారు. సాల్వేషన్ ఆర్మీని ఇండియాకు తెచ్చిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఈ పనికి 'క్రిమినోక్యూరాలజీ' అని ఒక కొత్త మాటే కనిపెట్టాడు. నేరచికిత్సా శాస్త్రమన్నమాట. చికిత్సలో భాగంగా హాజరు పట్టీ, పాసు, పని, బడి.

1949లో ఈ చట్టాన్ని పరిశీలించడానికి వేసిన కమిటీకి అధ్యక్షుడు తిరుపతి ప్రాంతపు మనిషి, తర్వాత లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆ కమిటీ రద్దు చేయమంది. మద్రాసు రాష్ట్రం అప్పటికే 1947లో రద్దు చేసుకుంది, దేశం మొత్తమ్మీద 1952లో పోయింది. పోతూ పోతూ ఆ కుర్చీలో 'అలవాటు నేరస్థుల' చట్టాల్ని కూర్చోబెట్టి పోయింది.

మాటలు చట్టాలంత తేలిగ్గా రద్దవవు. మా చిన్నప్పుడు మద్రాసు వెళ్ళే రైల్లో బాపట్ల దాటగానే పెద్దవాళ్ళు సామాన్లు కాళ్ళ దగ్గరికి జరుపుకునేవాళ్ళు. ఎందుకని అడిగితే స్టేషన్ పేరే జవాబు. 1991లో 'స్టువర్ట్‌పురం పోలీస్ స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు', సినిమాకి కూడా ఆ ఊరంటే దొంగతనమే. 1970ల నుంచి అక్కడ హేమలత, లవణం దంపతులు చేసిన పని మీద ఎవరూ పాట పెట్టి సినిమా తీయలేదు. ఆ ఊళ్ళో టీచర్లున్నారు, ఉద్యోగులున్నారు, కూలీలున్నారు. వాళ్ళ పిల్లలు కాలేజీ అప్లికేషన్ మీద సొంత ఊరి పేరు రాయాలా, పక్క ఊరి పేరు రాయాలా అని ఆలోచించాల్సిన పరిస్థితి మాత్రం ఒక నూరేళ్ళ నాటి జోస్యం ఇచ్చింది.

డనీడిన్ పత్రం చదువుతూ నేను ఇటు ఎందుకు చూశానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఫలానా పిల్లలు పెద్దయ్యాక ఫలానా అవుతారు అన్న వాక్యం మనకి కొత్త కాదు. ఆ వాక్యం అధికారం చేతిలో పడితే ఏమవుతుందో చూసిన నేల ఇది.

*

అయితే రెండు వాక్యాలూ ఒకటేనా? దీనికి జవాబు మధ్యలో జరిగిన చరిత్రలో ఉంది. అందులో మూడు మజిలీలు చెప్పుకుంటే చాలు.

మొదటిది బోస్టన్. హార్వర్డ్‌లో పనిచేసిన షెల్డన్ గ్లూక్, ఎలినార్ గ్లూక్ దంపతులు నేరాల్లో పట్టుబడ్డ 500 మంది కుర్రాళ్ళని, పట్టుబడని 500 మందిని తీసుకుని, వయసు, తెలివి, జాతి, పేటల్లో జత కలిపి పోల్చి 1950లో పెద్ద పుస్తకం వేశారు. తండ్రి క్రమశిక్షణ, తల్లి పర్యవేక్షణ, తండ్రి ప్రేమ, తల్లి ప్రేమ, ఇంట్లో కలివిడి. ఈ అయిదింటికీ మార్కులు వేస్తే ఆరేళ్ళ వయసులోనే కాబోయే నేరస్థుణ్ణి గుర్తించొచ్చన్నారు. 1950లలో న్యూయార్క్‌లో బడిలో చేరే పిల్లల మీద ఈ పట్టికను ప్రయోగించి చూశారు కూడా.

దీనికి అసలైన జవాబు ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒక నేలమాళిగలో దొరికింది. 1980లలో జాన్ లాబ్, రాబర్ట్ శాంప్సన్ అనే ఇద్దరు పరిశోధకులు గ్లూక్ దంపతుల ఫైళ్ళున్న అట్టపెట్టెల్ని హార్వర్డ్ లా లైబ్రరీ బేస్‌మెంట్లో కనుక్కున్నారు. అందులోని కుర్రాళ్ళు అప్పటికి ముసలివాళ్ళు. వాళ్ళ రికార్డుల్ని డెబ్భయ్యో ఏడు దాకా వెతికి, కొందరిని వెతుక్కుంటూ వెళ్ళి మాట్లాడారు. ఒకేలాంటి ఇళ్ళు, ఒకేలాంటి వాడలు, ఒకే సంస్కరణ పాఠశాలల నుంచి వచ్చినవాళ్ళు ఒక్కో దారిన పోయారు. దాదాపు అందరూ ఏదో ఒక వయసులో నేరం మానేశారు. ఎవరు త్వరగా మానతారు, ఎవరు చివరిదాకా సాగిస్తారు అన్నది చిన్నప్పటి లక్షణాలతో తేలలేదు. నిలకడైన ఉద్యోగం, మంచి భార్య, సైన్యంలో చేరి ఆ పేటనుంచి బయటపడటం, ఇలాంటివి మలుపులయ్యాయి. మాను వంగింది. పాతికేళ్ళకి కొన్ని, నలభైకి కొన్ని.

రెండో మజిలీ దానికి దగ్గర్లోనే, కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే పట్టణాలు. రిచర్డ్ కాబట్ అనే వైద్యుడికి మంచి ఆలోచన వచ్చింది. దారి తప్పుతారనిపించే పిల్లల్ని ముందే పట్టుకుని పెద్దదిక్కుగా ఒక స్నేహితుణ్ణి ఇస్తే? 506 మంది అబ్బాయిల్ని రెండు సమాన భాగాలు చేసి సగం మందికి 1939 నుంచి 1945 దాకా సాయం చేశారు. ఇంటికెళ్ళి పలకరించడం, చదువు చెప్పించడం, వైద్యం, వేసవి శిబిరాలు. మిగతా సగానికి ఏమీ లేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత జోన్ మెకార్డ్ వాళ్ళందరినీ వెతికి పట్టుకుంది. సాయం పొందిన వాళ్ళలో మూడింట రెండొంతుల మంది అది మాకు మేలు చేసిందన్నారు. రికార్డులు వేరేలా చెప్పాయి. నేరాల్లో పడినవాళ్ళ సంఖ్యలో తేడా లేదు. పైగా తాగుడు, మానసిక జబ్బు, చిన్న వయసులో చావు వంటి కొన్ని విషయాల్లో సాయం పొందినవాళ్ళే అధ్వానంగా ఉన్నారు. 1978లో ఆమె ఇది ప్రకటించినప్పుడు చాలామందికి కోపమొచ్చింది. కారణమేమిటన్నది ఇప్పటికీ తర్కమే. వేసవి శిబిరాల్లో చిక్కు పిల్లలందరినీ ఒకచోట చేర్చడం ఒక కారణమన్న వాదన ఉంది. నువ్వు సాయం కావాల్సినవాడివి అని ఏళ్ళ తరబడి చెప్పించుకోవడం కూడా ఒక ముద్రేనని మెకార్డ్ స్వయంగా అనుమానించింది.

స్టువర్టుపురం పాదిరీల మంచితనాన్ని నేను ఈ అధ్యయనం పక్కన పెట్టి చూస్తాను. మంచి ఉద్దేశం ఉందా లేదా అని అడగడం దండగ. ఫలితం కొలిచామా అన్నదే అడగాలి. మెకార్డ్ కొలిచింది, కాబట్టి మనకి తెలిసింది. సెటిల్‌మెంట్లలో ఎవరూ అలా కొలవలేదు. అక్కడ పిల్లవాడు దొంగ కాకపోతే అది సెటిల్‌మెంటు గొప్పతనం, అయితే వాడి రక్తం.

మూడో మజిలీ సెయింట్ లూయిస్. లీ రాబిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1966లో వేసిన పుస్తకంలో ఒక వింత చూపించింది. సమాజంతో పొసగని పెద్దవాళ్ళని తీసుకుని వెనక్కి వెళ్తే, దాదాపు ప్రతి ఒక్కరూ చిన్నప్పుడు అల్లరిచిల్లరగా ఉన్నవాళ్ళే. కానీ అల్లరిచిల్లర పిల్లల్ని తీసుకుని ముందుకి వెళ్తే, ఎక్కువమంది మామూలు మనుషులయ్యారు. వెనక నుంచి చూస్తే దారి ఒక్కటే. ముందు నుంచి చూస్తే నాలుగు రోడ్ల కూడలి.

మన సామెతకున్న బలమంతా ఈ వెనక చూపులో ఉంది. జైలుకెళ్ళిన వాడి గురించి "వీడు చిన్నప్పుడే ఇంత" అని ఊరంతా గుర్తు చేసుకుంటుంది. అంతే అల్లరి చేసి ఆర్టీసీ కండక్టరైన వాడి చిన్నతనం ఎవరికీ గుర్తుండదు.

దీన్నే అంకెల్లో చూద్దాం. ఇవి ఊహకి వేసుకున్న అంకెలే. వెయ్యిమంది పిల్లల్లో 50 మంది పెద్దయ్యాక వరసగా నేరాలు చేసేవాళ్ళవుతారనుకుందాం. మన దగ్గరున్న పరీక్ష చాలా మంచిది, ఆ యాభైలో 80 శాతాన్ని పట్టుకుంటుంది. మిగతా 950 మందిలో 20 శాతాన్ని మాత్రమే పొరబాటున అనుమానిస్తుంది. లెక్క వేస్తే నిజంగా పట్టుకున్నది 40 మందిని, పొరబాటున పట్టుకున్నది 190 మందిని. మొత్తం 230 మంది మీద ముద్ర పడితే ప్రతి ఆరుగురిలో అయిదుగురు ఏ పాపం చేయబోని వాళ్ళు. పరీక్ష అంత మంచిదయినా సరే. గుంపు గురించి నిజమైన మాట, అందులో ఒక్క పిల్లవాడి గురించి అబద్ధం కావచ్చు. ఈ చిన్న కూడిక తీసివేత తెలియకపోవడం వల్లే అధికారులు, అప్పుడప్పుడు పరిశోధకులు కూడా జోస్యగాళ్ళవుతారు.

న్యూజీలాండ్‌లోనే దీనికి ఉదాహరణ ఉంది. కొత్తగా పుట్టే పిల్లలకి ప్రభుత్వ రికార్డుల ఆధారంగా ఒక ప్రమాదపు స్కోరు వేసి, రెండేళ్ళు ఏ జోక్యమూ చేసుకోకుండా చూసి, ఇంట్లో హింసకి గురవుతారన్న లెక్క నిజమైందా అని పరీక్షించే ప్రతిపాదన ఒకటి అక్కడి మంత్రి ఆన్ టోలీ ముందుకొచ్చింది. 2015లో ఆమె దాన్ని ఆపేసింది. వీళ్ళు పిల్లలు, ప్రయోగశాల ఎలుకలు కారు అని కాగితం అంచున రాసింది.

*

అలాగని డనీడిన్ అంకెల్ని పక్కన పడేయాలా? నేను అలా అనుకోవడం లేదు. వాటిలో స్టువర్ట్‌కి, లోంబ్రోజోకి, గ్లూక్ దంపతులకి కనిపించని ఒక సంగతి ఉంది. అది ఆసుపత్రి.

పాత అధ్యయనాలు నేరాన్ని ఒక్కదాన్నే కొలిచాయి. అందుకే వాటిలో పిల్లవాడు ఎప్పుడూ ఇతరులకు ముప్పుగానే కనిపిస్తాడు. డనీడిన్‌లో నేరాల పక్కన మందుల చీటీలు కూడా పెట్టేసరికి బొమ్మ మారిపోయింది. కోర్టు మెట్లెక్కే మనిషీ, ఆసుపత్రి వార్డులో పడుకునే మనిషీ చాలాసార్లు ఒకరే. పోలీసు డైరీలో ముద్దాయి, డాక్టరు ఫైల్లో రోగి, సంక్షేమ ఆఫీసులో అర్జీదారు. మూడు శాఖలకీ మూడు పేర్లు, ఉన్నది ఒకే బతుకు.

దీని మరో కొస అమెరికాలో శాన్ డియేగోలో కనిపిస్తుంది. 1980లలో విన్సెంట్ ఫెలిటీ అనే డాక్టరు ఊబకాయం తగ్గించే క్లినిక్ నడిపేవాడు. బరువు బాగా తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేసి పోవడం ఆయనకి అర్థం కాలేదు. కూర్చోబెట్టి అడిగితే, చాలామంది చిన్నప్పుడు లైంగిక హింస అనుభవించినవాళ్ళని తేలింది. కొందరికి ఒళ్ళు ఒక గోడ. ఫెలిటీ, రాబర్ట్ ఆండా కలిసి వేలమందిని ప్రశ్నించి 1998లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కొట్టడం, తిట్టడం, లైంగిక హింస, తల్లిని కొట్టడం చూడటం, ఇంట్లో తాగుబోతులు, మానసిక రోగులు, జైలుకెళ్ళినవాళ్ళు ఉండటం, ఇలాంటి అనుభవాల్లో నాలుగు రకాలో అంతకుమించో ఉన్నవాళ్ళకి, ఏవీ లేనివాళ్ళతో పోలిస్తే తాగుడు, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నం వంటి ప్రమాదాలు 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు కూడా ఆ వరసలోనే పెరిగాయి. తర్వాత ఈ స్కోరుని ఒక్కొక్క మనిషి తలరాత చెప్పడానికి వాడటం మొదలెట్టేసరికి, 2020లో ఆండాయే ముందుకొచ్చి ఇది అందుకు పనికిరాదని హెచ్చరిక రాయాల్సి వచ్చింది. జనాభా ఎలా ఉందో చూడ్డానికి పనికొస్తుంది, ఒక మనిషికి చీటీ రాయడానికి కాదు అని.

మళ్ళీ అదే మాట. గుంపు, ఒక్కడు.

డనీడిన్ పిల్లలు ఎక్కువమంది యూరప్ సంతతి తెల్లవాళ్ళన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. వాళ్ళ నాలుగు ప్రమాదాల్లో ఏదీ జాతి కాదు, పుట్టిన కులం కాదు. పేదరికం, దెబ్బలు, చదువులో వెనకబాటు, అదుపు తప్పే ఆవేశం. మొదటి రెండూ పిల్లవాడికి మనం చేసినవి. మిగతా రెండింటి మీదా ఆ మొదటి రెండింటి చెయ్యి ఎంతుందో వేరు చేసి చెప్పడం కష్టం. స్టీఫెన్ దొరకి నెత్తురు అనిపించింది, కాస్పీ, మోఫిట్‌ల పట్టికలో అన్నం, దెబ్బ, బడి, భయం అని విడివిడిగా కనిపిస్తోంది. విడివిడిగా కనిపిస్తే ఒక్కోదాన్నీ పట్టుకుని ఏదైనా చేయొచ్చు. నెత్తురుని ఏం చేస్తాం, కంచె వేయడం తప్ప?

చేసి చూసిన వాళ్ళున్నారు. మిషిగన్‌లోని ఇప్సిలాంటీ ఊళ్ళో 1962 నుంచి 1967 దాకా పెర్రీ ప్రీస్కూల్ అనే చిన్న ప్రయోగం జరిగింది. 123 మంది పేద నల్లజాతి పిల్లలు. మూడు నాలుగేళ్ళ వయసులో కొందరికి రోజూ పొద్దున మంచి బడి, వారానికోసారి టీచరు ఇంటికి రావడం. మిగతావాళ్ళకి లేదు. తెలివితేటల మార్కుల్లో వచ్చిన లాభం కొన్నేళ్ళకే కరిగిపోయింది, ప్రయోగం విఫలమైందనుకున్నారు. కానీ నలభై ఏళ్ళు వచ్చేసరికి, అయిదుసార్లో ఎక్కువో అరెస్టయినవాళ్ళు బడికి వెళ్ళిన గుంపులో 36 శాతం, వెళ్ళని గుంపులో 55 శాతం. నోబెల్ గ్రహీత జేమ్స్ హెక్‌మన్ ఈ అంకెల్ని పట్టుకునే, చిన్నపిల్లల మీద పెట్టే ఖర్చు తిరిగొచ్చే పెట్టుబడి అని ప్రపంచమంతా చెప్తూ తిరిగాడు. ప్రయోగం చిన్నది, ఒక్క ఊరిది. అయినా కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ పక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఆ పిల్లలకి దొరికింది నిఘా పెట్టే స్నేహితుడు కాదు, ఒక బడి. బడికెళ్ళడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇది రాస్తుంటే నాకు మన అంగన్‌వాడీలు గుర్తొస్తున్నాయి. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకం అది. దేశంలో మూడేళ్ళ బిడ్డని ప్రభుత్వం నిజంగా చూసే చోటు ఏదైనా ఉంటే అది ఆ ఒంటి గదే. అక్కడ ఒక మనిషి ఆ బిడ్డ బరువు తూస్తుంది, గుడ్డు పెడుతుంది, పాట చెప్తుంది, రెండ్రోజులు రాకపోతే ఇంటికెళ్ళి అడుగుతుంది. ఈ పని చేసే ఆమెకి మనం ఇచ్చేదాన్ని జీతం అని కూడా అనం, గౌరవ వేతనం అంటాం. డనీడిన్ పరీక్ష ముప్పావు గంట. ఆమె ఆ బిడ్డతో గడిపేది మూడేళ్ళు. నేరాల గురించి, ఆసుపత్రి ఖర్చుల గురించి టీవీల్లో అరిచే చర్చల్లో ఆమె మాట ఒక్కసారైనా వచ్చిందా?

మన చర్చలు రెండో చివరి నుంచే మొదలవుతాయి. రౌడీషీటు దగ్గర్నుంచి, ఎన్‌కౌంటర్ దగ్గర్నుంచి. 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు సుకన్యా శాంత కేసులో జైలు మాన్యువళ్ళలోని కులవివక్షని కొట్టేస్తూ, విముక్త జాతుల్ని పుట్టు నేరస్థులుగా చూసే పాత అలవాటు ఇంకా ఆ పుస్తకాల్లో బతికే ఉందని చూపించింది. ఆ చట్టం పోయి డెబ్భై రెండేళ్ళయ్యాక. విచక్షణ లేని అరెస్టులు వద్దని పోలీసులకి మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

రేపు ఈ పని కంప్యూటర్లు చేస్తాయి. బడి హాజరు, రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీ, నాన్న మీద కేసు, అన్నీ ఒక నంబరు కింద కలిసే రోజులివి. డనీడిన్ వాళ్ళు నలభై ఏళ్ళు ఓపికగా, ఆ మనుషుల అనుమతితో, గోప్యత మాట తప్పకుండా చేసిన పనిని ఎవరో ఒక మధ్యాహ్నంలో చేసి, ఒక అంకె ఇస్తారు. ఆ అంకె ఎవరి బల్ల మీదకి చేరుతుంది? అంగన్‌వాడీకి చేరితే ఒక పిల్లవాడికి ఇంకో గుడ్డు, ఇంకో గంట పాఠం దొరుకుతుంది. పోలీసు స్టేషన్‌కి చేరితే పేరు లేని కొత్త స్టువర్టుపురం ఒకటి మొదలవుతుంది, ఈసారి రైల్వే స్టేషన్ కూడా లేకుండా. అంకె మాత్రం రెండు చోట్లా ఒకటే.

మొక్కని వంచడం గురించి మనకి సామెత ఉంది గానీ, నీళ్ళు పోయడం గురించి అంత పేరున్న సామెత ఎందుకు లేదో నాకు తెలియదు. పిల్లల పెంపకం గురించి మాట్లాడుతున్నప్పుడు మనకి మొదట తోచే క్రియ వంచడమే. వంగని మొక్కల గురించి నూట యాభై ఏళ్ళుగా ఇన్ని పుస్తకాలు, ఇన్ని చట్టాలు రాసిన తర్వాత కూడా, ఆ మొక్క ఏ నేలలో ఉందని అడిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.